నేను కలిపేసిన గీత

నేను భయస్తురాలిని. ఈ మాట మా కాలనీలో ఎవరితోనైనా అంటే కడుపు పట్టుకుని నవ్వుతారు. ఆడవాళ్ళ సంఘానికి లీడర్‌గా ఏ ఆఫీసుకు పోయినా ముందు నోరు తెరిచేది నేనే. మా ఆయన చంద్రగిరి రూట్లో ఆటో తోలుతాడు. ఇంట్లో ఇంత పెద్ద హారన్ ఉండగా బండికి వేరే ఎందుకని నన్ను చూపించి నవ్వుతుంటాడు. నిజానికి నా నోరు అంత పెద్దది కావడానికి లోపలి భయమే కారణం. మాట్లాడుతున్నంతసేపు అది వినపడదు, ఊరుకుంటే వినపడుతుంది. ఇక్కడ రాస్తున్నది నేను చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర మాత్రం నోరెత్తకుండా ఊరుకున్న పద్దెనిమిది రోజుల సంగతి.

మా కాలనీ తిరుపతి అంచున, కొండ దిగువన ఉంది. ఒకప్పుడు ఇక్కడ ముళ్ళకంప తప్ప ఏమీ లేదట. కూలిపనికి వచ్చినవాళ్ళు, సత్రాల్లో ఊడ్చి కడిగే పనివాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి గోడలు లేపుకున్నారు. కొండ మీది నుంచి ఒక వంక దిగి వస్తుంది. మొదటి సందు దాకా అది కంటికి కనపడుతుంది, తర్వాత ఇళ్ళ కింద ఎక్కడో మాయమవుతుంది. మామూలు రోజుల్లో దాని ఊసు ఎవరికీ పట్టదు. ఆ ఏడు కార్తీకంలో పట్టిన వాన నాలుగు రోజులు వదలకుండా కురిసేసరికి వంక నేరుగా ఇళ్ళలోకి వచ్చింది. బియ్యం డబ్బాలు తేలాయి. నా చిన్న కూతుర్ని ఎదురింటి అవ్వ భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్ళలో నడిచి, అంగనవాడీ మెట్ల మీదికి చేర్చింది. నేను పెద్దదాన్ని గట్టిగా పట్టుకుని గడప మీద నిలబడి అరుస్తున్నాను, అంతే. కాలు ముందుకు పడలేదు.

ఆ అవ్వ నాకు బంధువేమీ కాదు. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజు నుంచి ఎదురింట్లో చింతపండు కొడుతూ కనపడుతోంది. మండీ నుంచి బస్తాలు ఇంటికి తెచ్చుకుని, చిన్న సుత్తితో కొట్టి గింజలు తీసి, పండు మళ్ళీ మండీకి చేర్చడం ఆమె పని. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఉండేది ఒంటిగది రేకుల ఇల్లు, దానికి మాత్రం ఎక్కడా లేనంత పెద్ద టేకు తలుపు. చంద్రగిరిలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతుంటే బేరమాడి ఎద్దులబండి మీద తెచ్చుకుందట. "ఇంటికంటే తలుపే గొప్పగా ఉంది అవ్వా" అని నేను ఏడిపిస్తే, "తలుపుంటేనే కదమ్మే ఇల్లనేది" అనేది.

వాన వెలిశాక సంఘంలో అందరం కూర్చున్నాం. భోజనం పొట్లాలు, దుప్పట్లు ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు, కాలువ మాత్రం మనమే అడిగి తెచ్చుకోవాలని అనుకున్నాం. తిరిగాం. చెప్పులు అరిగేలా తిరిగాం. ఆఫీసు వాళ్ళ పాత పటంలో మా కాలనీ ఉన్నచోట ఏమీ లేదు, ఉత్త తెల్లకాగితమే. ఆఖరికి సర్వే పని చూసే అమ్మాయి ఒకతె వచ్చింది. గూడూరు పిల్ల, ఉద్యోగానికి కొత్త, మనసు మంచిది. "పటం మీరే వేయండి అక్కా. నీళ్ళు ఎట్లా వచ్చాయో, ఎక్కడ నిలిచాయో మీకు తెలిసినంత నాకు తెలియదు. మీరు చూపించినదాన్ని బట్టే ప్లాను గీస్తాను" అంది. కాగితమూ పెన్సిలూ చేతికిస్తే మాలో సగం మంది వెనక్కి జరిగారు. నేలమీద ముగ్గులా వేద్దామని నేను అన్నాను. జరిగినవాళ్ళంతా కొంగులు దోపుకుని ముందుకు వచ్చారు.

అంగనవాడీ ముందు చోటంతా ఊడ్చి కళ్ళాపి చల్లాం. సందులకు తెల్లపిండి, నీళ్ళు నిలిచిన చోట్లకు ఎర్రరంగు, వంకకు నీలం. ఇంటికి గుర్తుగా చింతగింజ. అవ్వ జోలెడు గింజలు తెచ్చి నడిమధ్య పోసింది. ఎవరి గింజ వాళ్ళే పెట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం. ఒకతె తన ఇల్లు చిన్నగా కనపడుతోందని పెద్ద గింజ ఏరుకుంటే, "ఇంకో రెండు పెట్టుకో, మిద్దె లేస్తాది" అని పక్కావిడ దెప్పింది. పుట్టి బుద్ధెరిగాక మా ఇళ్ళన్నీ ఒక్కచోట, పై నుంచి చూసినట్టుగా మేం చూడడం అదే మొదటిసారి. ఆ పూట మాకు ఎవరి మీదా కోపం లేదు.

నా చెయ్యి నిలకడైనదని వంక గీసే పని నాకు అప్పజెప్పారు. కొండ దగ్గర మొదలుపెట్టాను. నీలం పిండి వేళ్ళ సందున సన్నగా జారుతుంటే మొదటి సందు దాటి, మా ఇంటికీ అవ్వ ఇంటికీ మధ్య దాకా వచ్చాను. అక్కడితో నాకు తెలిసిన వంక అయిపోయింది. తెలియనప్పుడు గీత అక్కడే వదిలేసి లేవాలి. నేను వదల్లేదు. మెలికల ముగ్గులో గీత ఎక్కడ బయలుదేరినా చుట్టి వచ్చి కలవాల్సిందే. కొస తెగిన ముగ్గు వాకిట్లో ఉండకూడదని మా అమ్మ చిన్నప్పుడు నా చేత ఎన్నిసార్లు చెరిపించి మళ్ళీ వేయించిందో లెక్కలేదు. నా చెయ్యి దానంతట అదే అవ్వ చింతగింజ చుట్టూ తిరిగి, వచ్చిన గీతలోనే కలిసింది. కళ్ళు మూసి తెరిచేంత పని. లేచి చూస్తే ముగ్గు నిండుగా ఉంది.

అందరూ బాగుందన్నారు. సర్వే అమ్మాయి కుర్చీ ఎక్కి ఫోటో తీసుకుంది. మావాళ్ళూ ఫోన్లలో తీసి మా సంఘం గ్రూపులో పెట్టారు. పొద్దుగూకేలోపు తొక్కుడుకి ముగ్గు చెరిగిపోయింది, అవ్వ తన గింజలు తాను ఏరుకుని పోయింది. నేను గొప్ప పని చేసినట్టు ఇంటికి పోయి మా ఆయనకు వర్ణించి వర్ణించి చెప్పాను.

కాలువ మంజూరైందని తెలిసిన రోజు ఇంటింటికీ చక్కెర పంచుకున్నాం. ఆ తర్వాత వారానికి టేపు, ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు, వాళ్ళ వెనక సర్వే అమ్మాయి. సందుల్లో అక్కడక్కడా అరుగుల మీద చిన్న చిన్న గీతలు గీశారు. అవ్వ ఇంటి దగ్గర మాత్రం గోడ పొడుగునా ఇంటూ గుర్తు వేశారు.

"ఇదేంది మేడం?" అని నేను నోరు చేసుకున్నాను. ఆ అమ్మాయి ప్లాను విప్పి చూపించింది. "వంక ఇక్కడికి వచ్చి గుంటలాగా ఆగుతుందని మీరే చూపించారు కదక్కా. ఆ గుంట ఉన్నచోటే నీళ్ళు దిగే తొట్టి కడతాం. అక్కడి నుంచి పైపులో మెయిన్ రోడ్డుకు పోతాయి. ఈ ఒక్క ఇల్లే అడ్డం" అంది.

చూశాను. కొలతలు, అంకెలు, బాణం గుర్తులు. వాటన్నిటి మధ్య నా చెయ్యి తిప్పిన మెలిక, తిప్పినట్టే ఉంది. అక్కడ గుంట లేదు, ఎప్పుడూ లేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను, చెప్పకుండానే మూసేశాను. పక్కనున్న అవ్వ తలుపునే పట్టుకున్నాను. నా మొహం చూసి, అవ్వ మీద ప్రేమకొద్దీ అట్లా అయిపోయాననుకుని, మావాళ్ళు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. తాగాను.

అవ్వకు చదువు రాదు. ఆఫీసు వాళ్ళు చేతికి ఇచ్చిన నోటీసు కాగితం పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఒక్కో ముక్కా చదివి చెప్పాను. ఆ రోజు నుంచి పద్దెనిమిదో రోజున సంఘం మీటింగు. పటం ఆడవాళ్ళే వేశారు కనుక, అది సరైనదేనని లీడరు అందరి ముందూ సంతకం పెట్టాలి. పెట్టిన వారంలో ఇల్లు ఖాళీ చేయాలి. బదులుగా ఏర్పేడు దోవలో ఎక్కడో ఒక గది ఇస్తారు. అంత దూరం నుంచి ఆమె చింతపండు బస్తాలు ఎట్లా తెచ్చుకుంటుంది, మండీ ఆమెకు పని ఎట్లా ఇస్తుంది, ఆ సంగతి కాగితంలో లేదు. అంతా విని అవ్వ, "సంతకం పెట్టేది నువ్వేనా మే?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే" అని కాగితం మడిచి రవికలో పెట్టుకుని పోయింది. నా మీద ఆమెకు అంత నమ్మకం ఉండడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నా భయం అవ్వ ఇల్లు పోతుందని మాత్రమే కాదు. అందరికీ తెలిసిపోతుందని. ఇదివరకు ఏది చెడినా తప్పంతా ఆఫీసు మీదికి తోసి, తిట్టుకుంటూ హాయిగా ఉండేవాళ్ళం. ఇప్పుడు పటం మాది, చెయ్యి నాది. అది కప్పిపుచ్చుకోవడానికి నేను రెండింతలు అరిచాను. నలుగురిని వెంటేసుకుని ఆఫీసుకు పోయి, ముసలిదాని ఉసురు పోసుకుంటారా అని బల్ల మీద గుద్దాను. బయటికి వచ్చాక మావాళ్ళు, నీలాంటి లీడరు ఇంకెవరికి ఉండారక్కా అన్నారు. వాళ్ళ మొహాల్లోకి చూడలేక ముందు నడిచాను.

గ్రూపులో ఆ ఫోటో ఉంది. రోజుకు పదిసార్లు తెరిచి చూసేదాన్ని. నా ఫోన్లో తుడిచేయగలను, వాళ్ళందరి ఫోన్లలో ఎట్లా తుడుస్తాను. ఎవరైనా ఫోన్ చూస్తూ నవ్వితే నా గీత గురించేనేమో అనుకునేదాన్ని. ఒక రోజు ఇద్దరు ఆడవాళ్ళు మా అరుగు మీదే కూర్చుని ఆ ఫోటో పెద్దది చేసి చూశారు. వేలితో నీలం గీత వెంబడి పోయారు, మెలిక దగ్గరికి వచ్చారు, చుట్టూ తిప్పారు. "ఎంత నున్నగా కలిపినావక్కా" అన్నారు. అప్పుడు అర్థమైంది. ఇది మాలో ఎవరికీ తప్పుగా కనపడదు. ఆ పిండి వాళ్ళ చేతిలో ఉన్నా వాళ్ళూ కలిపేవాళ్ళే. నేను నోరు మూసుకుంటే చాలు, ఇది బయటికి రాదు. అది తెలిసి నాకు ధైర్యం రాలేదు. తప్పించుకునే దారి ఒకటుందని తెలిశాక నా మీద నాకే భయం మొదలైంది.

పదో రోజో పదకొండో రోజో, మధ్యాహ్నం పూట అవ్వ దగ్గర కూర్చుని గింజలు ఏరిపెడుతున్నాను. నిజమైన వంక ఎటు పోతుందో తెలిస్తే, తప్పు ఎవరిదో చెప్పకుండానే ప్లాను మార్పించవచ్చని నా ఎత్తు. ఏమీ ఎరగనట్టు అడిగాను. "అవ్వా, నువ్వొచ్చినప్పుడు ఆ వంక యాడ పారతా ఉండె?"

సుత్తి ఆగలేదు. "మీ వంటింటి కింద."

నేను మా ఇంటి వైపు తిరిగి చూశాను.

"మూడు బండలేసిన మోరీ ఉండె ఆడ. బండ్లు దాటేదానికి. మీ అత్త ఇల్లు లేపేటప్పుడు ఆ పల్లమంతా మట్టి పోసి పూడ్చినాం. తట్టలు మోసినోళ్ళల్లో నేనూ ఉండా. మీ అత్త నాకు రాగిసంగటి పెట్టింది ఆ పొద్దు."

"ఇన్నాళ్ళూ ఎవురికీ చెప్పలేదే అవ్వా?"

"ఎవురడిగినారు?" అని ఇంకో పిడికెడు చింతపండు బండ మీద వేసుకుంది.

ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడ్డాను. వానాకాలం వస్తే ఆ గోడకు మోకాలెత్తు చెమ్మ ఎక్కుతుంది. ప్రతి ఏడూ మా ఆయన సిమెంటు పూయడం, నేను ఆయన పనితనాన్ని వెక్కిరించడం, మళ్ళీ చెమ్మ. గచ్చు ఒక మూలకు కుంగి, గిన్నె పెడితే ఒరుగుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. పదేళ్ళుగా తెలుసు. అయితే ఆ రోజు పిండి పట్టుకున్న నా చెయ్యి మా ఇంటి వైపు తిరగకుండా అవ్వ ఇంటి వైపు ఎందుకు తిరిగింది? అలవాటైతే ఎటైనా తిరగొచ్చు కదా. దీనికి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలంటే భయం.

మా ఆయనకు ఒక్కడికే చెప్పాను. ఆటో తుడుస్తున్నవాడు గుడ్డ అక్కడే పడేశాడు. "గమ్మునుండు. మా అమ్మ కట్టిన ఇల్లు అది. ఇద్దరు ఆడబిడ్డల్ని పెట్టుకుని యాడికి పోదాం? అవ్వకు గదైనా ఇస్తా ఉండారు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అవ్వకు జ్వరమొస్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేది ఆయనే. నేను సరేనన్నాను. అట్లా అన్నందుకు నాకు కొంచెం తేలికైంది కూడా.

పద్దెనిమిదో రోజు మీటింగుకు అంగనవాడీలో చోటు చాలలేదు. సర్వే అమ్మాయి బల్ల మీద కాగితాలు పరిచింది. కాలువ వస్తోందని అందరి మొహాల్లో సంతోషం, అవ్వను చూసి అందరికీ ఇబ్బంది. అవ్వ తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పటం ఎట్లా వేశారో, దాన్ని బట్టి ప్లాను ఎట్లా వచ్చిందో ఆ అమ్మాయి చదివి చెప్పింది. "ఇది సరైనదేనా?" అని అడిగితే, అవునని అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను పిలిచారు. వెళ్ళాను. పెన్ను ఇచ్చారు, తీసుకున్నాను.

కాసేపటికి, "ఇది తప్పు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. సర్వే అమ్మాయి ఏమన్నారక్కా అంది. "ఆడ గుంట లేదు మేడం. నేను ఊరికే కలిపినాను గీతను. ముగ్గు కదా, కలపకుండా ఉండలేక కలిపినాను. వంక మా వంటింటి కింద పోతాది" అన్నాను. అనేసి బల్ల పట్టుకుని నిలబడ్డాను. మా ఇంటి వెనక వరసలో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళ మొహాల్లో రంగు మారడం చూశాను. వంక మా వంటింటితో ఆగదు కదా.

"మీకెట్లా తెలుసు?" అంది సర్వే అమ్మాయి. అవ్వ చెప్పిందన్నాను. అందరూ తలుపు వైపు తిరిగారు. అవ్వ గోడ పట్టుకుని నిదానంగా లేచింది.

"నేనేం చెప్పలేదు. వంక నా ఇంటి కిందనే ఉండాది. ఈ పాప బిడ్డలగన్న తల్లి, నన్ను చూసి పాపమనుకోని అట్లంటా ఉండాది" అంది. కాస్త ఆగి, "మేడమ్మా, ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ తలుపొక్కటి నేను తీసుకోవచ్చా?" అని అడిగింది.

ఇక్కడ దాచకుండా రాస్తాను. ఆమె అబద్ధం చెప్పిన ఆ క్షణంలో నా ప్రాణం కుదుటపడింది. నేను చెప్పేశాను, వాళ్ళు నమ్మలేదు, ఇంకేం చేయను, ఇల్లు మిగిలింది అనుకున్నాను. సర్వే అమ్మాయి కాగితం మళ్ళీ నా వైపు జరిపింది. అవ్వ ఇంకా నిలబడే ఉంది, తలుపు గురించి ఎవరైనా జవాబు చెబుతారేమోనని. ఎవరూ చెప్పలేదు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆమె మీదో నా మీదో తెలియదు. "ఎందుకవ్వా అబద్ధాలు చెప్తావు?" అని అరిచాను. "మేడం, రేపు మనుషుల్ని తీసుకురండి. మా వంటింట్లో తవ్వండి. మోరీ బండలు లేకపోతే అప్పుడు పెడతాను సంతకం."

మర్నాడు పొద్దున్నే స్టవ్వూ గిన్నెలూ బయట పెట్టి గచ్చు పగలగొట్టాం. మొదటి గడ్డపార దెబ్బ నేనే వేశాను. రెండో దెబ్బ గోడకు తగిలింది. తర్వాత సంఘం ఆడవాళ్ళు అందుకున్నారు. మా ఆయన వాకిట్లో ఆటోలో కూర్చున్నాడు, లోపలికి రాలేదు. పిల్లలిద్దరూ ఆయన పక్కన. మోకాలి లోతు పోయేదాకా ఏమీ లేదు. బండలు లేవేమో, అవ్వ మరిచిపోయి చెప్పిందేమో అని నాలో ఒక ఆశ లేచింది. దాన్ని తరుముతూనే తట్టలు మోశాను. నడుం లోతున పార ఖంగుమంది. మట్టి పక్కకు లాగితే ఒకదాని పక్కన ఒకటి మూడు బండలు, వాటి సందుల్లోంచి నల్లటి నీళ్ళు ఊరుతున్నాయి. ఎండాకాలం ముంగిట్లో, నా పొయ్యి కింద, అన్నేళ్ళుగా ఆ నీళ్ళు నడుస్తున్నాయి. అవి చూసి నా పెద్ద కూతురు ఏడ్చింది.

ప్లాను మారింది. అవ్వ గోడ మీద ఇంటూ గుర్తుకు సున్నం కొట్టారు. మా వంటిల్లు మొత్తం, పడకగదిలో సగం పోయాయి, ముందు గది మిగిలింది. వెనక వరసలో మూడు ఇళ్ళకు స్నానాల గదులు పోయాయి. వాళ్ళలో ఒకావిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. సంఘానికి వస్తుంది, నేను మాట్లాడేటప్పుడు కిటికీ వైపు చూస్తుంది. ఆమెను తప్పు పట్టలేను. పటం వేసిన రోజు పెద్ద చింతగింజ ఏరుకున్నది ఆమే.

అవ్వ నన్ను తిట్టని తిట్టు లేదు. ఆడబిడ్డల్ని పెట్టుకుని కొంప కూల్చుకున్న దాన్ని ఎక్కడా చూడలేదంది. తిడుతూనే నా గిన్నెలన్నీ తన ఇంటికి మోసుకుపోయింది. మా ఆయన నాతో మాట్లాడకుండానే సిలిండర్ ఎత్తుకుపోయి అక్కడ బిగించాడు. అప్పటి నుంచి రెండు ఇళ్ళకూ వంట అవ్వ గదిలోనే.

కాలువ పని నడుస్తుండగా ఒకరోజు ఇద్దరం కూరగాయలు తరుగుతున్నాం. ఎన్నాళ్ళుగానో లోపల తొలుస్తున్నది అడిగేశాను. "ఆ పొద్దు నేను గీత కలిపేటప్పుడు నువ్వు సూసినావా అవ్వా?"

"సూసినా. నా గింజ చుట్టే కదా తిప్పినావు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ ఇల్లు పోతాది కదా."

"నీకు భయం కాలేదా?"

ఆమె కత్తిపీట పక్కకు పెట్టింది. "అయింది మే. ఇల్లు పోతాదని కాదు. నువ్వు చెప్పకుండా ఉండిపోతావేమోనని. పద్దెనిమిది దినాలు నీ మొహమే సూస్తా ఉంటి. ఆ పొద్దు మీటింగులో నువ్వు నోరు తెరిస్తివి చూడు, ఇంక సాలనుకున్నా. ఆ పైన ఎవురి ఇల్లు పోతే ఏముందిలే అని అట్ల చెప్పినా."

మీటింగు రోజు కాగితాన్ని ఆమె దగ్గరి నుంచి చూడలేదు. చూసినా చదవలేదు. దాని మీద నా పేరులో మొదటి రెండు అక్షరాలు రాసేశాకే నేను పెన్ను ఆపి, ఇది తప్పు అన్నాను. ఆ సంగతి అవ్వకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పాలంటే ఇప్పటికీ భయంగానే ఉంది.